ఎర్రిస్వామి ఊళ్లో లేడు

మా చెల్లెలి కూతురు శ్రావణికి ఈమధ్యే బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. చేరిన వారం తిరగకముందే నాకు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, ట్రైనింగులో అన్నీ నేర్పించినారు. కస్టమరును చూసి ఎంత నవ్వల్లో గూడా నేర్పించినారు. ఈ పొద్దు ఒకాయప్ప వచ్చి, నా అకౌంట్లో దుడ్లు నన్ను అడక్కుండానే కటింగ్ అయితాండాయి, ఆపమ్మా అన్న్యాడు. అది మాత్రం ఎవురూ నేర్పించల్యా. నేనేం చెప్పల్ల?"

"ముందు కూర్చోమని చెప్పినావా?" అన్నాను.

"చెప్పల్యా."

"అయితే ఫోన్ పెట్టేసి అది చెప్పు పో. మిగిలింది రాసి పంపిస్తా."

అలా మొదలుపెట్టిన రాత ఇది. శ్రావణి కోసం మొదలైంది గానీ బ్యాంకు కౌంటరు వెనక కొత్తగా కూర్చుంటున్న పిల్లలెవరైనా చదువుకోవచ్చు. నాకు ఎన్ని ప్రమోషన్లు వచ్చాయో, రావలసినవి ఎన్ని రాలేదో ఇందులో రాయడం లేదు. మొదటిది మీకు అక్కర్లేదు. రెండోది మొదలుపెడితే నేను ఆపనని మా ఇంట్లో వాళ్లకు బాగా తెలుసు.

కుర్చీ

నేను ధర్మవరం మగ్గాల ఇంట్లో పుట్టాను. ఉద్యోగమంతా ఉరవకొండ, బెళుగుప్ప చుట్టుపక్కల బ్రాంచీల్లోనే గడిచింది. నా మొట్టమొదటి మేనేజరు పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ కోపంగా ఉన్నట్టు కనిపించే మనిషి. ఆయన చేసిన గొప్ప పని ఒకటే. కౌంటరు ముందు రెండు కుర్చీలు వేయించాడు. రైతు వచ్చినా, కూలి మనిషి వచ్చినా ముందు కూర్చోవాలి, ఆ తర్వాతే సంగతి చెప్పాలి. "నిలబడి మాట్లాడేవాళ్లు గొడవకొచ్చినట్టు మాట్లాడతారమ్మా. అదే మనిషిని కూర్చోబెట్టు, అసలు సంగతి చెప్తాడు" అనేవాడు.

నేను మొదట నమ్మలేదు. తర్వాత చూస్తే అక్షరాలా నిజం. ఆ తర్వాత పైనుంచి ఎవరో వచ్చి బ్రాంచికి అద్దాలు పెట్టించారు, రంగులు వేయించారు, అందం చెడిపోతుందని ఆ కుర్చీలు తీయించారు. అప్పటినుంచి నేను ఏ బ్రాంచికి పోయినా ఎక్కడినుంచో ఒక కుర్చీ లాక్కొచ్చి నా ముందు వేసుకునేదాన్ని. "మేడమ్ వచ్చింది, కుర్చీలు దాచిపెట్టుకోండి" అని స్టాఫ్ ఎగతాళి చేసేవారు. చేసుకోనీ అనుకునేదాన్ని.

కటింగ్ సంగతి

నేను చేరినప్పుడు ఖాతాలోంచి డబ్బు పోవాలంటే ఖాతాదారు రావాలి. స్లిప్పు రాయాలి, సంతకం పెట్టాలి, ఆ సంతకం కుదరలేదని మేము ఒకసారి వెనక్కి పంపించాలి. ఇప్పుడు మనిషి పొలంలో ఉంటాడు, డబ్బు తనంతట తను లేచి పోతుంది. ఫోనులో యాప్ అప్పు తీసుకునేటప్పుడు వేలితో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కుతారు కదా, ఆ నొక్కుడులోనే ఉంది అంతా. ఫలానా తేదీకి నా ఖాతాలోంచి మీరే తీసుకోండి అని ముందుగానే ఇచ్చిన అనుమతి అది. బ్యాంకులో దాన్ని మాండేటు అంటాం. జనం కటింగ్ అంటారు. నాకు జనం మాటే నచ్చుతుంది, ఎందుకంటే కోసుకుపోతున్నట్టే ఉంటుంది వాళ్లకు.

ఈ కటింగును ఆపడానికి మనవాళ్లు చేసే వైద్యాలు రాస్తే ఒక పుస్తకమవుతుంది. కొందరు యాప్ తీసేస్తారు. యాప్ పోతుంది, అనుమతి ఉంటుంది. కొందరు ఏటీఎం కార్డు బ్లాక్ చేయిస్తారు. రిటైరైన పంతులుగారు ఒకాయన కార్డు బ్లాక్ చేయించి, అది చాలక కత్తిరించి, ఆ ముక్కలు పొట్లం కట్టి నా బల్ల మీద పెట్టాడు. "ఇంగ యాడనుంచి తీస్తాడో చూస్తా" అన్నాడు. మరుసటి నెల మళ్లీ వచ్చాడు. పాపం, ఆ కార్డుకూ ఈ కటింగుకూ సంబంధమే లేదు.

శ్రావణీ, వీళ్లను చూసి నవ్వు రావడం తప్పు కాదు. వాళ్లు పోయాక నవ్వు.

మా నాయన మగ్గం గుంట

ఎర్రిస్వామి సంగతి చెప్పే ముందు మా నాయన సంగతి చెప్పాలి.

మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేది. పట్టు బాకీ వసూలుకు సావుకారి మనిషి వీధి మలుపులో కనపడగానే మా నాయన మెల్లగా ఆ గుంటలోకి జారిపోయేవాడు. మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఆయప్ప ఊర్లో ల్యాడన్నా" అనేది. సావుకారి మనిషి అరుగు మీద కూర్చునేవాడు. అమ్మ ఇచ్చిన నీళ్లు తాగేవాడు. పోయేటప్పుడు మగ్గం వైపు తిరిగి గట్టిగా, "సరేమ్మా, ఊర్నుంచి వస్తే చెప్పు, వచ్చే బేస్తవారం మల్లా వస్తా" అనేవాడు. గుంటలోంచి మా నాయన బుద్ధిగా వినేవాడు.

అందరికీ అంతా తెలుసు. అయినా ఎవరి మర్యాద వాళ్లకు దక్కేది. మా వైపు బాకీ ఉన్నవాడు 'ఊర్లో లేడు' అంటే, ఇప్పుడు లేదు, కొంచెం ఆగు అని అర్థం. వినేవాడు మనిషైతే అర్థం చేసుకుంటాడు.

ఎర్రిస్వామి ఈ పద్ధతినే యాప్ మీద ప్రయోగించాడు.

పదును

ఎర్రిస్వామిది బెళుగుప్ప దగ్గర మెట్ట సేద్యం. పని చేసినంత సేపు ఎద్దులా చేస్తాడు, ఆఫీసుల్లోకి వస్తే పిల్లిలా నక్కుతాడు. ఆయన భార్య మారెక్క అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆమె ఆఫీసుకు వస్తే ఆఫీసు నక్కుతుంది.

ఆ ఏడు తొలకరి బాగా పడి నేల పదునెక్కింది, అంటే విత్తనం వేసేంత తడి పట్టింది. ఆ మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. నేను కుర్చీ చూపించాను. ఒకటే కుర్చీ. మారెక్క కూర్చుంది.

"అక్కా, పదునుండాది. ఇంగ నాలుగు దినాలుంటే ఎక్కువ. విత్తనం శెనక్కాయలు కొనల్ల. మాకు పంట బీమా దుడ్లు పడతాయంట, ఈ వారమో, పైవారం మొదట్లోనో. పడితే ఈయప్ప లోను కంపినీ వాడు నాకేస్తాడు. అట్లయితే సేను బీడే. నువ్వు ఆపల్ల."

జరిగింది ఇది. అంతకు ముందు ఎండాకాలంలో పశువుల నీళ్లకున్న చిన్న బోరు మోటారు కాలిపోయింది. వైండింగు చేయించడానికి ఎర్రిస్వామి ఎవరో చెప్పారని ఫోనులో అప్పు తీసుకున్నాడు. అసలు కొంత, వడ్డీ అంతకంత, ఆలస్యానికి జరిమానా వేరే. ఉపాధి కూలి పడితే కటింగ్, పాలడబ్బు పడితే కటింగ్. దాంతో ఆయన మా నాయన పద్ధతి పట్టాడు. డబ్బు పడిందని తెలియగానే పరుగెత్తుకొచ్చి అంతా తీసేసుకునేవాడు. యాప్ వచ్చి చూస్తే ఖాతాలో ఎవరూ ఉండరు. ఊళ్లో లేడు.

కానీ ఆ వచ్చేది మిషను. అరుగు మీద కూర్చోదు, నీళ్లు తాగదు. మళ్లీ వస్తుంది, మళ్లీ వస్తుంది. అది వచ్చి ఖాళీగా పోయినప్పుడల్లా, డబ్బు లేక వెనక్కి పంపినందుకు మా బ్యాంకు కూడా ఎర్రిస్వామికి చార్జీ వేసింది. అంటే ఆయన ఊళ్లో లేనందుకు మేము జరిమానా వసూలు చేశామన్నమాట. ఇది రాస్తుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తోంది. అప్పుడు మారెక్క ఎదురుగా కూర్చుని ఉంది, నవ్వే ధైర్యం లేదు.

"బీమా దుడ్లు వేరే ఖాతాకు వేయించుకోకూడదా?" అని అడిగాను.

"అడిగినాం. ఆధార్ ఈ ఖాతాకే కట్టేసినారంట. మార్చేదానికి పదునున్నన్నాళ్లు చాలవంట."

మా మేనేజరు గారి భయం

అప్పటి మా మేనేజరు కోస్తా వైపు కుర్రాడు. మంచివాడు. తెల్ల చొక్కా, ఇన్‌షర్టు, జేబులో రెండు పెన్నులు. కానీ పైవాళ్లు ఏమంటారో అన్న భయం ఆయనకు పుట్టుకతో వచ్చింది. ఏ పనైనా చేయకపోతే ఏ తప్పూ జరగదు అనేది ఆయన సిద్ధాంతం. ఇలాంటి మేనేజర్లు మీకు బోలెడుమంది దొరుకుతారు.

"అది వాళ్లకూ కంపెనీకీ మధ్య వ్యవహారం మేడమ్ గారూ. మనం వేలు పెట్టకూడదు. కంపెనీ వాళ్లు ఒప్పుకుంటున్నట్టు కాగితం తెచ్చుకోమనండి" అన్నాడు.

నేను ఆయన ముందరే కంపెనీ నంబరుకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, మారెక్క ముందు పెట్టాను. అవతల ఒక ఆడగొంతు హిందీలో ఏదో చెప్పింది, తర్వాత ఇంగ్లీషులో చెప్పింది, ఆ తర్వాత సంగీతం మొదలైంది.

మారెక్క కొంతసేపు ఓపిగ్గా విన్నది. "ఏమప్పా, వీళ్లు కాగితం ఇస్తారా, పాటకచేరీ పెడతారా?" అంది మేనేజరుతో. ఆయన పెన్ను సర్దుకున్నాడు.

అప్పుడు నేను అడిగాను. "సార్, ఒకతను చెక్కు రాసిచ్చాడు. తర్వాత వద్దనుకుని మన దగ్గరికొచ్చి ఆపమన్నాడు. ఆపుతామా?"

"ఆపుతాం. ఖాతాదారు సంతకం పెట్టి అడిగితే ఆపాల్సిందే."

"ఆ చెక్కు తీసుకున్న మనిషి ఒప్పుకున్నాడా అని అడుగుతామా?"

"అడగమండీ. ఖాతా అతనిది కదా."

"ఇదీ అంతే కదా సార్. అనుమతి ఇచ్చింది ఎర్రిస్వామి. ఖాతా ఎర్రిస్వామిది. తీసేస్తానంటున్నదీ ఎర్రిస్వామే."

ఆయన లేచి బీరువా తెరిచాడు. పాత సర్క్యులర్లు వెతికాడు. అందులో కూడా అదే ఉంది. అవతలివాళ్ల ఒప్పుదల అడగొద్దనే రాసి ఉంది. ఆ కాగితం మీద ఆయన సంతకమే ఉంది, చదివినట్టు.

ఎర్రిస్వామి చేత అర్జీ రాయించాను. ఈ కంపెనీకి నా ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి రద్దు చేస్తున్నాను, ఇకమీద వాళ్లు అడిగితే ఇవ్వొద్దు అని నాలుగు ముక్కలు. నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేసి ఆయన చేతికే ఇచ్చాను. శ్రావణీ, ఈ ముద్ర మాత్రం మరిచిపోకు. ముద్ర లేని అర్జీ మన టీ కప్పు కింద తడిసిపోతుంది, మళ్లీ ఎవరికీ దొరకదు. ఇంకొకటి, కటింగ్ రోజు పొద్దున వచ్చి ఆపమంటే ఆగదు. ముందుగా రావాలని చెప్పు.

సిస్టములో మాండేటు రద్దయింది. ఎర్రిస్వామి నాకు దండం పెట్టాడు. మారెక్క పెట్టలేదు. "పనయినాక పెడతా" అంది.

పెరటి తలుపు

మారెక్కే కరెక్టు. మరుసటి రోజు పాలడబ్బు పడింది. పడిన మధ్యాహ్నానికే పోయింది.

"నిన్న మూసిన తలుపులోంచి ఈ పొద్దు ఎట్ల పోయినాడక్కా?" అంటూ వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

ఖాతా తెరిచి చూశాను. డబ్బు మాండేటు దారిలో పోలేదు. ఫోనులో డబ్బు పంపుకునే యాప్ ఉంటుంది కదా, అందులోనూ ఆటోపే అని ఇలాంటి అనుమతే ఇంకొకటి పెట్టుకోవచ్చు. అప్పు తీసుకునేటప్పుడు కంపెనీ రెండూ పెట్టించుకుంది. వీధి తలుపు మూశాం, పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. ఎన్ని తలుపులున్నాయో నేను మొదటిరోజే అడిగి ఉండాల్సింది. మీరు అడగండి.

"పరవాలేదు. ఇది ఫోనులోనే తీసేయొచ్చు. మీ ఫోను ఇటివ్వండి, ఎట్లో చూపిస్తాను" అన్నాను ఎర్రిస్వామితో.

ఎర్రిస్వామి పైకి, ఫ్యాను వైపు చూశాడు.

"చెప్పు. మేడమ్‌కు చెప్పు. నువ్వు చేసిన గనకార్యం నీ నోటితోనే చెప్పు" అంది మారెక్క.

"ఫోను... ఊర్లో ల్యాదు మేడమ్."

లోను వాళ్లు రోజూ ఫోన్ చేసి తిడుతుంటే ఎర్రిస్వామి ఒక ఉపాయం చేశాడు. మనిషి ఊళ్లో లేకపోతే అప్పువాడు వెనక్కి పోతాడు. మరి వీడు ఫోనులో వచ్చే అప్పువాడు. కాబట్టి ఫోను ఊళ్లో లేకుండా చేస్తే సరిపోతుంది. మారెక్క తమ్ముడు సుంకన్న గొర్రెల మంద తోలుకుని పామిడి వైపు పెన్నా ఒడ్డుకు మేపుకు పోతుంటే, ఫోను అతని చేతికిచ్చి పంపేశాడు. "ఎవురు చేసినా ఎర్రిస్వామి ఊర్లో ల్యాడని చెప్పు. ఎవురు ఏం చెప్పినా నమ్మొద్దు" అని గట్టిగా చెప్పి మరీ పంపాడు.

నా ఉద్యోగంలో అప్పుకు భయపడి దాక్కున్న మనుషుల్ని చూశాను. మేతకు పోయిన ఫోన్ను చూడటం అదే మొదలు.

సరే, ఆ నంబరుకు నేనే ఫోన్ చేశాను. గొర్రెల అరుపుల మధ్య ఒక గొంతు పలికింది. "ఎర్రిస్వామి ఊర్లో ల్యాడు."

"బాబూ, నేను బ్యాంకు నుంచి..."

"ల్యాడని చెప్తాండా గదా."

ఎర్రిస్వామి ఫోన్ లాక్కున్నాడు. "ఒరే సుంకా, నేనేరా, మీ బావని!"

"నువ్వెవురైనా గానీ. ఎర్రిస్వామి ఊర్లో ల్యాడు."

"నేనే ఎర్రిస్వామినిరా!"

"మా బావ గొంతు పెట్టి మాట్లాడతాండావా? మీ కంపినీ వాళ్లు ఇంతకు దిగినారా? సిగ్గుల్యా?" అని ఫోన్ కట్ చేశాడు. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్.

మారెక్క తల కొట్టుకుంది. "వాడంతే అక్కా. చిన్నప్పట్నుంచీ ఒక మాట చెప్తే అదే. నేను పోవల్ల." ఆ కోపంలోనే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆడ పదును ఆరిపోతాండాది. సోమవారం దుడ్లు పడతాయని మా ఊరి సచివాలయంలో చెప్పినారు. విత్తనం ఎయ్యకపోతే ఈ ఏడు ఏం తినల్ల, పసరాలకు ఏం పెట్టల్ల?"

అంతసేపూ తన గది గుమ్మంలో నిలబడి వింటున్న మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "రేపు రెండో శనివారం. బ్యాంకుకు సెలవే. నాకు కారుందండీ" అన్నాడు.

ఆ మాట అన్నాక ఆయనే భయపడ్డాడు. కానీ వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు నుంచీ నాకు ఆ అబ్బాయంటే ఇష్టం.

పెన్నా ఒడ్డున

ఉరవకొండ దాటి పామిడి దారి పట్టాం. ముందు సీట్లో ఎర్రిస్వామి, వెనక నేను, మారెక్క. దారి పొడుగునా గొర్రు కట్టి విత్తనాలు వేస్తున్న చేలే. ఒక్కొక్క చేను దాటినప్పుడల్లా మారెక్క మొగుడి వీపు వైపు చూసింది. ఎర్రిస్వామికి చూడకుండానే తెలిసింది. మెడ లోపలికి లాక్కున్నాడు.

నదిలో నీళ్లు లేవు, ఇసుకే. ఒడ్డున తుమ్మ చెట్ల కింద మంద ఉంది. కారు ఆగగానే మేనేజరూ, ఎర్రిస్వామీ దిగారు. దూరం నుంచే సుంకన్న కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఇన్‌షర్టు వేసుకున్న మనిషి, జేబులో రెండు పెన్నులు, పక్కన తల వంచుకుని బావ. కంపెనీవాడు బావను పట్టుకొచ్చాడని అతనికి ఖాయమైపోయింది.

ఎర్రిస్వామి "సుంకా" అని పిలిచాడు.

సుంకన్న ఆయన్ను పైనుంచి కిందికి చూసి, మేనేజరు వైపు తిరిగాడు. "ఈయప్ప ఎవురో నాకు తెలీదు. మా బావ ఎర్రిస్వామి ఊర్లో ల్యాడు" అన్నాడు.

ఎర్రిస్వామి తల గోక్కున్నాడు. ఎదురుగా నిలబడి ఉన్న మనిషిని కూడా లేడని చెప్పినవాడిని ఏమనగలడు? నేర్పింది తనే. మా మేనేజరు మాత్రం ఏ సర్క్యులర్లోనూ ఇది లేదన్నట్టు నా వైపు చూశాడు.

అప్పుడు వెనక తలుపు తీసుకుని మారెక్క దిగింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. చీర కొంగు నడుముకు దోపుకుంది, అంతే. సుంకన్న చేతిలో కర్ర కిందపడింది.

"అక్కా! నువ్వా? ముందే చెప్పకూడదా?"

"ఫోన్ తీయ్ రా."

ఫోనులో చార్జింగు లేదు. కారులో పెట్టాం. అది ప్రాణం పోసుకునే లోపల సుంకన్న మందలోని ఒక మేక పాలు పితికి మాకు టీ పెట్టి ఇచ్చాడు. మందను చూసుకుంటూ తను బావ మాటను ఎట్లా నిలబెట్టాడో చెప్పుకొచ్చాడు. రోజుకు ఎందరు ఫోన్ చేశారో, ఎవరిని ఏమని తిట్టాడో అన్నీ చెప్పాడు. ఒకరోజు కలెక్టరాఫీసు నుంచి అన్నారట, వాళ్లనీ వదల్లేదట. ఎర్రిస్వామి టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఫోను వెలిగింది. ఎర్రిస్వామికి ఎక్కడ నొక్కాలో నేను చెప్పాను. పిన్ను కొట్టాల్సిన చోటికి రాగానే మొహం అటు తిప్పుకున్నాను. మేనేజరు కూడా తిప్పుకున్నాడు. సుంకన్న మాత్రం ఆసక్తిగా వంగి చూశాడు. మారెక్క అతని తల పట్టుకుని గొర్రెల వైపు తిప్పింది. శ్రావణీ, ఎంత తొందర ఉన్నా కస్టమరు పిన్ను అడక్కు, వినకు, చూడకు. సుంకన్న ముందురోజే మా మాట నమ్మి ఉన్నా, పిన్ను ఫోనులో చెప్పించేదాన్ని కాదు, ఈ ప్రయాణమే చేసేదాన్ని.

ఆటోపే పట్టీ తెరుచుకుంది. మొదటిది లోను కంపెనీ. ఎర్రిస్వామి రద్దు చేశాడు. దాని కింద ఇంకొకటి ఉంది. ఏమిటా అని చూస్తే, ఆయన ఫోన్ మోగినప్పుడు పాట వినిపించే రింగుటోను యాప్. దానికి నెల నెలా కట్ అవుతోంది.

"ఈ పాటకు దుడ్లా?" అంది మారెక్క. "మోగితే ఎత్తేది గూడా ల్యాదు గదా నువ్వు!"

అదీ రద్దయింది.

విత్తనం

సోమవారం బ్యాంకు తెరిచేసరికి మెట్ల మీద మారెక్క కూర్చుని ఉంది. నేను కంప్యూటరు పెట్టేదాకా నా చీర కొంగు వదల్లేదు. బీమా డబ్బు పడింది. కంపెనీ మిషను మాండేటు దారిలో వచ్చి అడిగింది, అనుమతి లేదని మా సిస్టమే వెనక్కి పంపింది. ఈసారి ఎర్రిస్వామికి చార్జీ వేయలేదు. ముందు వేసిన చార్జీల్లో కూడా కొన్ని వాపసు చేయమని మేనేజరు పైకి రాశాడు. రాసి, పంపే ముందు చాలాసార్లు చదువుకున్నాడు, కానీ పంపాడు.

డబ్బు చేతికి తీసుకున్నాక మారెక్క నాకు దండం పెట్టింది. "ఇప్పుడు అయింది" అంది. ఆ మధ్యాహ్నానికే విత్తనం కాయలు కొన్నారు. ఇంకా పదునుండగానే చేను విత్తారు. నాకు ఆ రోజు అన్నం బాగా సహించింది.

కానీ పని అక్కడితో అయిపోలేదు. కొత్తవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. కటింగ్ ఆపితే డబ్బు ఆగుతుంది, అప్పు ఆగదు. ఆ మాట కస్టమరుకు చెప్పకుండా పంపిస్తే సగం పనే చేసినట్టు. నేను ఎర్రిస్వామికి చెప్పాను. "ఇకనుంచి ఎప్పుడు, ఎంత కట్టాలో నీ చేతిలో ఉంది. దాక్కుంటే మళ్లీ వాళ్ల చేతిలోకి పోతుంది. ఫోన్ వస్తే ఎత్తు. లెక్క రాసి పంపమను. బెదిరిస్తే పోలీసుల దగ్గరికి పోతానని చెప్పు."

"నేను మాట్లాడల్లనా మేడమ్?" అన్నాడు, మారెక్క వైపు చూస్తూ.

"నా వైపు యాల చూస్తావు? నేను తీసుకున్న్యానా?" అంది మారెక్క.

కొన్నాళ్లకు మొలక బాగా వచ్చిందని చెప్పడానికి ఇద్దరూ బ్రాంచికి వచ్చారు. ఈసారి రెండు కుర్చీలున్నాయి. రెండోది మేనేజరు తన గదిలోంచి పంపించాడు. మాట్లాడుతూ ఉండగా ఎర్రిస్వామి జేబులో ఫోన్ మోగింది. పాట లేదు, మామూలు గంటే. కంపెనీ నంబరు.

ఫోను ఇవ్వడానికి ఆయన చేయి మారెక్క వైపు పోయింది. మధ్యలో ఆగింది. స్పీకరు నొక్కాడు.

"ఎర్రిస్వామి ఉన్నాడా?" అంది అవతలి గొంతు, కరుగ్గా.

మా మేనేజరు గదిలోంచి తల బయటికి పెట్టాడు. క్యాషియరు నోట్లు లెక్కపెట్టడం ఆపేశాడు. నాకు ఎందుకో మా నాయన మగ్గం గుంట గుర్తొచ్చింది. చివరిదాకా ఆయన ఒక్కసారి కూడా పైకి లేచి మాట్లాడలేదు.

"ఆఁ, నేనే ఎర్రిస్వామి. ఊర్లోనే ఉండా. చెప్పప్పా" అన్నాడు.

ఆ జవాబు వస్తుందని కంపెనీ వాళ్లు అనుకుని ఉండరు.

"బాకీ ఉండా, ల్యాదనను. అసలెంత, వడ్డీ ఎంత, యాడ రాసుకున్న్యారో అది పంపించు. కాయలు ఒలిచినాక నేనే వచ్చి కడతా. మల్లా ఫోన్ చెయ్యి, నేనే ఎత్తుతా."

ఆ మాటలు చెప్తూ చెప్తూ ఎర్రిస్వామి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఉద్యోగమంతా ఎదురొచ్చిన ప్రతి మనిషికీ కూర్చో, కూర్చో అని చెప్పినదాన్ని, ఆ రోజు మాత్రం ఆయనకు కూర్చోమని చెప్పలేదు.